ఇద్దరికీ అయింది

ఈ కథలో చెడ్డపని చేసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచుకునే గుణం వల్లే ఇంతా జరిగింది కాబట్టి, కనీసం చెప్పేటప్పుడైనా ఆ గుణం మానుకోవాలి కదా.

అండమాన్‌లోని బాంబూఫ్లాట్ జెట్టీలో టికెట్లిచ్చే కిటికీ నాది. పొద్దున్న పోర్ట్ బ్లెయిర్ వైపు చాతం రేవుకి వెళ్ళే మొదటి బోటుకి అందరికన్నా ముందు వచ్చేది అసిరమ్మ. నెత్తిన చేపల గంప, నోట్లో అడ్డచుట్ట. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే చుట్ట అది. సముద్రపు గాలికి ఆరదు, చేతులు పనిలో ఉన్నా బూడిద రాలదు. వాళ్ళమ్మ అలాగే కాల్చింది, వాళ్ళమ్మమ్మా అలాగే కాల్చింది. జెట్టీ మెట్ల మీద గంప దించి, చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, "సురమై... కోకరీ... తారిణీ..." అని ఒక కేక వేసేదంటే బోటు హారన్ దాని ముందు దిగదుడుపే. జెట్టీ వెనకే మా ఇల్లు. మా ఆయన తిరుమలరావు బస్సు డిపోకి వెళ్ళడానికి ఏనాడూ అలారం పెట్టుకోలేదు. అసిరమ్మ కేకతోనే లేచేవాడు.

ఈ ఏడు వానలు మొదలైన వారమే ఆవిడలో మార్పు కనిపించింది. కిటికీలోంచి నేనిచ్చే టీ గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడేది.

"తాగప్పా, బోటు వచ్చేస్తోంది," అనేదాన్ని. మావైపు అక్కని అప్ప అంటాం.

"సల్లారనీ అమ్మీ. నోరు మండతంది."

చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరకడం కూడా మానేసింది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. రెండు నెలలు అలా ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆరేళ్ళ కిందట మా ఇద్దరికీ నెల తేడాతో రొమ్ములో గడ్డలు తేలాయి. ఒకే ఓడలో విశాఖపట్నం వెళ్ళాం. ఓడ ఊగిన మూడు రోజులూ నేను కక్కుకుంటూనే ఉన్నాను. అంతకుముందు ముఖపరిచయం తప్ప ఏమీ లేని అసిరమ్మ తన కొంగుతో నా మూతి తుడిచింది. ఇద్దరికీ ఆపరేషన్ అయింది, ఇద్దరి జుట్టూ రాలింది, మళ్ళీ మొలిచింది. మొలిచిన ఆ మొదటి జుట్టు ఇద్దరం కలిసి గంగమ్మ తల్లికి మొక్కు చెల్లించుకున్నాం. పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రిలో మా ఫైళ్ళు కూడా ఒకే రోజు తెరిచారు. పక్కపక్క నంబర్లు కావడంతో గుమస్తా రెండింటినీ ఒకే దారంతో కట్టేశాడు. ఆ దారం గురించి మళ్ళీ చెబుతాను.

డాక్టరమ్మ ఒక మాట అంది. ఒకసారి క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళకి ఇంకోచోట కొత్తగా వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా కాస్త ఎక్కువట. అందుకని ఏడాదికోసారి రెండో రొమ్ము, గర్భసంచి, నోరు చూపించుకోవాలి. అసిరమ్మకి చదువు రాదు. ఫారం నింపడం, లైన్లో నిలబడడం, హిందీలో గుమస్తాతో వాదించడం అన్నీ నేనే. నేను వెళితే ఆవిడ వస్తుంది, నేను ఆగితే ఆవిడా ఆగుతుంది.

మూడేళ్ళు వెళ్ళాం. మూడో ఏడు నన్ను మళ్ళీ ఎక్స్‌రేకి పిలిచారు. నీడలా ఏదో కనిపించిందన్నారు. రెండు రోజుల తర్వాత ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్న ఆ ఒక్క మాట చెవిన పడేలోపు నాకు అన్నం దిగలేదు, మా ఆయన ముఖం చూడలేకపోయాను, నా శవాన్ని ఏ దారిన తీసుకెళతారో కూడా లెక్కవేసుకున్నాను. ఇంక ఈ నరకం నా వల్ల కాదనుకున్నాను. నాలుగో ఏడాది నుంచి మానేశాను.

మానేసినదాన్ని మానేశానని చెప్పానా? లేదు. ఏటా ఆ రోజు సెలవు పెట్టి, బోటెక్కి, గోల్ ఘర్ దుకాణాల్లో చీరలు చూసి, వచ్చేటప్పుడు జిలేబీ కొనేదాన్ని. "అంతా నార్మల్," అనేదాన్ని. మా ఆయన ఆ జిలేబీ వీధంతా పంచేవాడు.

అసిరమ్మకి ఇంకో కథ చెప్పాను. "తల్లికి మొక్కు తీర్చేశాం కదప్పా. తీర్చాక మళ్ళీ వెళ్ళి జబ్బుందా అని వెతికించుకుంటే, తల్లిని నమ్మనట్టే కదా? కోపం వస్తుంది." నాకా నమ్మకం లేదు. నా భయాన్ని దాచుకోవడానికి అమ్మవారి చీర చెంగు కప్పుకున్నాను. అసిరమ్మ కాసేపు ఆలోచించి, "అదీ నిజమేనమ్మీ," అంది.

ఇక మూడో అబద్ధం. ఆసుపత్రి నుంచి మంజు అనే నర్సు ఏటా ఫోన్ చేస్తుంది. ఇక్కడే పుట్టిన మన పిల్లే, సగం హిందీ సగం తెలుగు.

"దీదీ, సాలానా చెకప్ హో గయా క్యా? రిజిస్టర్ రాసుకోవాలి."

"ఇద్దరికీ అయింది మంజూ. గోల్ ఘర్‌లో ప్రైవేటులో చేయించుకున్నాం. అంతా నార్మల్."

"బహుత్ అచ్ఛా దీదీ! అందరూ మీలా ఉంటే నా పని ఎంత హల్కా అయిపోతుందో."

మూడేళ్ళు ఇదే మాట. ఇద్దరికీ అయింది. ఇప్పుడు అసిరమ్మని నోరు చూపించడానికి తీసుకెళ్ళాలంటే ఆ ఫైలు తీస్తారు. ఆ ఫైలు తీస్తే దారంతో పాటు నాదీ వస్తుంది. అందుకని ఆవిడ టీ చల్లారుతుంటే చూస్తూ కూర్చున్నాను.

జులైలో మంజు బాంబూఫ్లాట్‌లోనే క్యాంపు పెట్టించింది. క్యాన్సర్ వచ్చి బయటపడినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా వచ్చినవాళ్ళు అందరూ వచ్చి పరీక్షలకి పేర్లు రాయించుకోవాలి. "మీరు స్టేజీ మీద నాలుగు ముక్కలు చెప్పాలి దీదీ. మీ మాటైతే వింటారు," అని వెంటపడింది. కాదంటే ఎందుకంటారని ఒప్పుకున్నాను. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం నేను.

కమ్యూనిటీ హాలు నిండిపోయింది. రేకుల మీద వాన. ముందు వరసలో మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నేను మైకు పట్టుకుని చెప్పేవి శ్రీరంగనీతులు. భయపడకండి, వాయిదా వెయ్యకండి, ఒకసారి తగ్గింది కదా అని ఊరుకోకండి. బాగానే మాట్లాడాను, అదే సిగ్గు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

నేను దిగాక మంజు శాలువా కప్పి మైకు తీసుకుంది. "పద్మిని దీదీ, అసిరమ్మ ఆంటీ, ఇద్దరూ ఈ ఆరేళ్ళలో ఒక్క సాల్ కూడా మిస్ అవలేదు. ఆంటీ కూడా ఇక్కడే ఉన్నారు, ఎక్కడ? అదిగో వెనక!"

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర, ఖాళీ గంప చంకలో పెట్టుకుని అసిరమ్మ నిలబడి ఉంది. నా వైపు చూసింది. కోపంగా కాదు. లెక్క తప్పిందేమో అని మళ్ళీ చూసుకునే మనిషిలా చూసింది. తర్వాత గంప కింద పెట్టి చప్పట్లు కొట్టింది. ఆవిడ కొట్టాక హాలంతా కొట్టింది. తేలు కుట్టిన దొంగలా నవ్వుతూ నిలబడ్డాను.

రెండు రోజులు ఆవిడ నా కిటికీకి రాలేదు. మూడోరోజు వచ్చింది. టికెట్ అడగలేదు. కిటికీ చెక్క మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"అమ్మీ, ఆ పిల్ల నా పేరు సదివింది గదా. నానేటా సూపించుకుంతన్నానంట. ఎప్పుడెల్లేనే?"

"అది... రిజిస్టర్ కోసం అప్పా. లేకపోతే ఊరికే ఫోన్లు చేస్తారని."

"ఓహో."

వెనక లైను పెరుగుతోంది. ఎవరో "జల్దీ కరో దీదీ," అన్నారు. అసిరమ్మ కదల్లేదు.

"మొక్కు తీరిపోనాక మల్లా ఎతికితే తల్లికి కోపమొస్తాదన్నావు. మొన్న ఆలందరికీ ఏటా ఎల్లండి, ఎల్లండన్నావు. ఆలకి తల్లి నేదేటి?"

చేతిలో టికెట్ల కట్ట అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాను.

"తిట్టడానికి రానేదు," అంది. గొంతు తగ్గించింది. "లోపల పుండేదో ఉన్నాది. నాలిక తగిలితే తెలస్తంది. ఆ పిల్లకి సెప్దామంటే, నాకు అన్నీ అయిపోనాయని రాసుకున్నాదంట గదా. మరి నానెవలికి సెప్పాల?"

నోరు తెరిచింది. ఫోను లైటు వేసి చూశాను. అంగిలి తెల్లగా సున్నం పూసినట్టుంది. మధ్యలో ఎర్రగా చింతగింజంత పుండు. లైటు ఆర్పడం మరచిపోయాను.

కిటికీ రెక్క మూసేశాను. లైన్లో వాళ్ళు అరుస్తూనే ఉన్నారు. పక్క గదిలో నిద్రపోతున్న తోటి ఉద్యోగి గోపినాథ్‌ని లేపి, "టికెట్లు నువ్వివ్వు," అని తాళం అతని చేతిలో పెట్టాను. ఆ రోజు డ్యూటీ వదిలి వెళ్ళినందుకు తర్వాత మెమో ఇచ్చారు. నా ఉద్యోగంలో న్యాయంగా వచ్చింది ఆ మెమో ఒక్కటే.

"పదప్పా," అన్నాను.

పెద్దాసుపత్రిలో మమ్మల్ని చూడగానే మంజు ముఖం వెలిగిపోయింది. "అరే దీదీ! ఈసారి ప్రైవేటు కాదా?" అంటూ బీరువాలోంచి ఫైళ్ళు తీసింది. రెండూ వచ్చాయి. దారం మాసిపోయింది గానీ ముడి అలాగే ఉంది.

"గోల్ ఘర్ రిపోర్టులు తెచ్చారా?"

"లేవు."

"ఇంట్లో ఉన్నాయా? ఫొటో తీసి పంపినా చాలు."

"అసలు లేవు మంజూ. మూడేళ్ళుగా వెళ్ళలేదు. ఇద్దరమూ. అసిరప్పకి నేను ఫోన్లో ఏం చెప్పానో కూడా తెలీదు."

మంజు పెన్ను క్యాప్ పెట్టింది. మళ్ళీ తీసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎవరు రాకపోతే వాళ్ళ ఘర్‌కి వెళ్ళడమే నా డ్యూటీ దీదీ," అంది మెల్లగా. "డిగ్లీపూర్ దాకా రోజంతా బస్సులో వెళ్ళి పిలుచుకొచ్చినవాళ్ళున్నారు. ఆంటీది బోటు దిగితే అయిదు నిమిషాల దూరం. మీరు అయిందన్నారు కాబట్టి నేను వెళ్ళలేదు."

మా ఇద్దరికీ అన్ని పరీక్షలూ చేశారు. వారం తిరిగేసరికి కాగితాలొచ్చాయి. నాది నార్మల్. మూడేళ్ళు నోటితో అన్న మాట కాగితం మీద నిజంగా చూసుకుంటే సంతోషించాలి కదా. నాకు ఆ కాగితం మడిచి ఎక్కడ దాచాలో తెలీలేదు.

అసిరమ్మది కాదు. పాత జబ్బు తిరగబెట్టలేదు, ఇది వేరే, కొత్తది అని డాక్టరమ్మ చెప్పింది. ఇన్నాళ్ళ అడ్డచుట్ట నిప్పు చేసిన పని. "రెండేళ్ళ కింద ఇది తెల్లమచ్చగా ఉండి ఉంటుంది. అప్పుడే చూసి చుట్ట మాన్పించి ఉంటే ఇంతదాకా రాకపోయేదేమో," అంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. ఇప్పుడు మద్రాసు పంపాలి. అంగిట్లో కొంత కోసేసి, అక్కడ పళ్ళసెట్టులాంటి ప్లేటు పెడతారు. ప్రాణానికి భయం లేకపోవచ్చు, మాట మాత్రం మునుపటిలా ఉండదు.

తిరుగు బోటులో అంచున కూర్చున్నాం. అసిరమ్మ అలవాటుగా రొంటినున్న చుట్ట తీసింది, చూసుకుంది, మళ్ళీ రొంటిన దోపుకుంది.

"తల్లికి కోపం వస్తుందన్నది అబద్ధమప్పా," అన్నాను. "నాకు భయం వేసింది. నిన్ను అడ్డం పెట్టుకున్నాను."

బోటు సగం దూరం వచ్చాక అంది.

"నాకూ బయమేనమ్మీ. నువ్వు ఎల్లొద్దంటే ఆయిగా అనిపించినాది, అబద్దమెందుకు. తల్లి పేరు సెప్తే నానూ గమ్మునొప్పీసుకున్నాను." ఆగింది. "కాని నాను సదువుకోనేదు. నువ్వు సదువుకున్నావు."

అంతే. ఆ తర్వాత నాతో మామూలుగానే మాట్లాడింది. దిగేటప్పుడు గంప పట్టుకోమని కూడా అడిగింది.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన చొక్కా గుండీలు విప్పుతున్నవాడు ఆగిపోయాడు.

"మరి ఆ మూడుసార్లూ నువ్వెక్కడికెళ్ళావు?"

"గోల్ ఘర్‌లో చీరలు చూశాను."

"నేను వీధంతా జిలేబీ పంచాను పద్మినీ," అన్నాడు. ఆ మర్నాడు డాక్టర్ దగ్గర నా పరీక్షల తేదీలన్నీ రాయించుకొచ్చి, వంటింట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టాడు. వచ్చే ఏడు తనూ వస్తానన్నాడు, తలుపు బయట కూర్చుంటాడట. ఆరేళ్ళు నమ్మిన మనిషి ఇప్పుడు కాపలా కాస్తానంటున్నాడు. కాదనే హక్కు నాకేదీ?

మద్రాసుకి తోడుగా నేనే వెళ్ళాను. అసిరమ్మ కొడుకు అప్పలరాముడు ఆపరేషన్ దాకా ఉండి, వలలకి మనిషి లేడని తిరిగొచ్చాడు. అయిదు వారాలు నేనున్నాను. గొట్టంలోంచి పాలు పోశాను, చొంగ తుడిచాను. ఓడలో ఆవిడ నాకు తుడిచినదానికి ఇది చెల్లు అని ఒక్కసారి అనుకున్నాను. అనుకున్నందుకు కూడా సిగ్గేసింది. ప్లేటు పెట్టాక మాట వచ్చింది గానీ సగం ముక్కులోంచి వచ్చేది. అక్కడి నర్సులకి ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. వినగా వినగా నాకు అలవాటైంది. ఆవిడ చెప్పడం, నేను అందరికీ మళ్ళీ చెప్పడం.

నవంబరులో వానలు వెనకపట్టాక, అసిరమ్మ మళ్ళీ గంపెత్తుకుని జెట్టీకి వచ్చింది. నోట్లో చుట్ట లేదు. మెట్ల మీద గంప దించి, ఊపిరి తీసుకుని కేక వేసింది. సురమై లేదు, కోకరి లేదు, గాలి మాత్రం వచ్చింది. బోటు దిగినవాళ్ళు పక్కనుంచే వెళ్ళిపోయారు. ఇంకోసారి ప్రయత్నించింది. తర్వాత గంప మీద గుడ్డ తీసేసి, చేపలు పైకి కనపడేలా పేర్చుకుని కూర్చుంది. ఆ పొద్దున మా ఆయన నిద్ర లేవలేదు. డిపోకి ఆలస్యమైంది.

ఆవిడ కిటికీ దగ్గరికి టికెట్ కోసం వచ్చినప్పుడు నా ఫోను మోగింది. మంజు.

"దీదీ, ఆంటీకి మూడు నెలల చెకప్ డేట్ దాటిపోతోంది. మీకు తెలుసు కదా, ఈ గురువారం తీసుకొస్తారా?"

నా నోట్లో "తీసుకొస్తాను" అన్న మాట తయారుగా ఉంది. మింగేసి, ఫోను స్పీకర్‌లో పెట్టి కిటికీలోంచి బయటికి చాపాను. "నిన్నే అప్పా. నువ్వే చెప్పు."

అసిరమ్మ ఫోను దగ్గరికి వంగి చెప్పింది. మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"క్యా బోల్ రహీ హై ఆంటీ?" అంది మంజు. "నాకు అర్థం కాలేదు దీదీ. ఏమంటున్నారు?"

లైన్లో పదిమంది ఉన్నారు. ఆవిడ మాట నాకు తప్ప ఒక్కరికీ అర్థం కాలేదు. అసిరమ్మ నన్నే చూస్తోంది.

"గురువారం తనే వస్తానంటోంది," అన్నాను. "ఇక మీదట తన సంగతి తన్నే అడగమంటోంది."

అసిరమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకా ఉంది కదా అన్నట్టు కిటికీ చెక్క మీద వేలితో కొట్టింది.

"నేనేం చెప్పినా నమ్మొద్దంటోంది మంజూ," అన్నాను.

అప్పుడు తలూపింది. టికెట్ తీసుకుని, గంప ఎత్తుకుని బోటు వైపు వెళ్ళిపోయింది.